కోటగుమ్మం గారికి ఒక ఉత్తరం

మహారాజరాజశ్రీ రాజమండ్రి కోటగుమ్మం గారి దివ్యసముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడుగుదామంటే, అసలు తమరు కనిపిస్తేగా!

నిన్న ఆదివారం పొద్దున్న ఆరున్నర నుంచి పదకొండు దాకా తమరి కోసం కాళ్ళరిగేలా తిరిగాం. ముందు నల్ల గొడుగు పట్టుకుని గైడు, వెనక నేను, నా వెనక వరంగల్ నుంచి వచ్చిన మా బావమరిది. మనిషికి 300. తప్పు నాదే లెండి. సంక్రాంతికి అత్తారింటికి వెళ్తే వీడు నన్ను ఓరుగల్లు కోటంతా తిప్పి, నాలుగు రాతి తోరణాల దగ్గరా నాలుగు ఫోటోలు తీసి, "మీ దిక్కు ఏమున్నయ్ బావా?" అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరురా మాది. వెయ్యేళ్ళనాటి రాజధాని. ఊరి మధ్యలో కోటగుమ్మమే ఉంది" అనేశాను. నలభై ఏళ్ళుగా ఆ మాట అంటున్నానే తప్ప, గుమ్మం ఉందో లేదో ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు.

తమరి పేరు పెట్టుకున్న సెంటర్లో గైడు ఆగాడు. "ఇక్కడే గుమ్మం ఉండేదండి" అంటూ గొడుగు కొనతో గాలిలో ఒక కమాను గీశాడు. ఆ కమాను మల్లెపూల బండి దగ్గర లేచి, సెల్ ఫోన్ల కొట్టు బోర్డు మీదుగా వెళ్ళి, కరెంటు స్తంభం దగ్గర దిగింది. దాని కిందనుంచి ఒక ఆటో, రెండు ఆవులు వెళ్ళాయి. మావాడు ఫోన్ పైకెత్తాడు. దేన్ని తియ్యాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. "ఇలా గోదారి వారనే గోడ ఉండేదండి." "ఇటు కందకం ఉండేదండి." కందకం అన్నచోట మురుగు కాలవ, దానికి కాపలాగా ఒక పంది. "బుస్సీ దొరగారి సైన్యం ఇక్కడ ఉండేదండి." ఆ ఫ్రెంచివాళ్ళు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళతో ఓడిపోయి, ఈ కోట కూడా వదిలేసి గోదారి దాటి ఉడాయించారు. వాళ్ళకి పారిపోవడానికైనా ఒక గుమ్మం ఉండేది. నన్నయగారు భారతం రాసిన చోటు అడిగితే గైడు గొడుగుని ఊరంతటి మీదా ఒక చుట్టు తిప్పాడు. నేను 23 'ఉండేదండి'ల దాకా లెక్కపెట్టి మానేశాను. ఇద్దరికీ 600 అంటే ఒక్కోటి 26 రూపాయల పైమాట. దానికింకాస్త కలిపితే రోజ్ మిల్క్ వస్తుంది. అదైతే గ్లాసులో ఉంటుంది.

మెయిన్ రోడ్డులో పాత మసీదు గుమ్మం మీద 1324 నాటి శాసనం ఉంది. మావాడు దాన్ని ఐదు ఫోటోలు తీసుకుని, "గుమ్మమంటే గిట్లుండాలె" అన్నాడు. నేను చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. పోనీ ఎత్తయిన గోడ ఏదైనా చూపించమంటే, ఊళ్ళో చెక్కుచెదరకుండా ఉన్నవి సెంట్రల్ జైలు గోడలే. అదీ ఒకప్పుడు డచ్చివాళ్ళ కోటే అంటారు. దాని లోపలికి వెళ్ళాలంటే గైడు చాలడు, కేసు కావాలి.

2015లో ఊరికి రాజమహేంద్రవరం అని పాత పేరు మళ్ళీ పెట్టారు. పేరొచ్చింది. గోడ రాలేదు.

ఇంక తమరూ గిమరూ లేదు. మట్టి గోడల కోటటగా నీది, ఏ వానకి కరిగిపోయావో నేనడగను. పోయేదానివి ఆ పేరు కూడా పట్టుకుపోవచ్చుగా! ఆటోవాళ్ళ నోట నువ్వే, శుభలేఖల మీద నువ్వే, చీరలకొట్టు సంచి మీదా నువ్వే. నా చిన్నప్పుడు పుష్కరాల జనంలోకి వెళ్తూ మా నాన్న, "తప్పిపోతే ఏడవకు, కోటగుమ్మం దగ్గర నిలబడు, నేనొస్తా" అన్నాడు. తప్పిపోయాను. నిలబడ్డాను. ఆయనా వచ్చాడు, చెవి మెలిపెట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. మేమిద్దరం ఏ గుమ్మం దగ్గర కలుసుకున్నామో ఇప్పటికీ అర్థం కావట్లేదు.

సాయంత్రం బావమరిదిని రైలెక్కించి బయటికొచ్చాను. ఆటో ఎక్కగానే అలవాటుగా నోట్లోంచి నీ పేరే వచ్చింది.

"గుమ్మానికి ఇవతలాండి, అవతలాండి?" అన్నాడు ఆటో అబ్బాయి, మీటరున్న సంగతే మర్చిపోయి.

"అవతల" అన్నాను.

ఇట్లు,
తమరికి అవతల రెండో సందులో ఉండే
తమ విధేయుడు