సిలికాన్ మీద నలుపును రుద్దకండి, కోసి తీయండి

వానలు మొదలైన దగ్గర నుంచి మా ప్రాంతంలో ఏ ఇంటికి వెళ్లినా స్నానాల గదిలో ఒకటే దృశ్యం కనిపిస్తోంది. గోడ టైల్సు నేలను కలిసే మూలన, షవర్ గాజు తలుపు అంచున, వాష్‌బేసిన్ గోడకు ఆనే చోట సందులోకి నీళ్లు దిగకుండా వేసిన, రబ్బరులాంటి తెల్లటి సిలికాన్ మీద ముందు ఆవగింజల్లాంటి చుక్కలు పడతాయి. శ్రావణం వచ్చేసరికి అవన్నీ కలిసిపోయి కాటుక గీసినట్టు నల్లటి చార అవుతుంది. ఆ ఇంటివారు ఏడాది పొడవునా దాన్ని రుద్దుతూనే ఉంటారు, అది మళ్లీ వస్తూనే ఉంటుంది. ఆ నలుపు మురికి కాదు, బూజు. సిలికాన్ లోపలికి దిగిపోయిన బూజును రుద్ది తీయలేము, దాని మీద కొత్త సిలికాన్ పూసి దాచలేము. పాతదాన్ని పూర్తిగా కోసి తీసి, ఆ సందును ఆరబెట్టి, మళ్లీ వేసుకోవాలి. వేసుకున్నాక గది ప్రతిరోజూ ఆరేలా చూసుకోవాలి. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద పోస్టు ఎందుకని అనుకోకండి. దీన్ని తప్పుగా చేయబోయి మా ఇంట్లో ఒక మనిషికి ఊపిరాడని పరిస్థితి వచ్చింది.

మాది రాజోలు దగ్గర, వశిష్ఠ గోదావరి పక్కన ఉన్న పల్లె. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి పంట కాలువలు, బోదెలు, చెరువులు, కొబ్బరి తోటల నీడ కలిసి ఈ నేలను తడిగానే ఉంచుతున్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి వెనుదిరిగాక డిసెంబరు దాకా ఈశాన్య వానలు, మధ్యలో తుపానులు. తేమ ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరని రోడ్డు పక్కన రాశులు పోసి, రాత్రి మంచు పడకుండా బరకాలు కప్పి కాపలా కాసేవాళ్లం. కొబ్బరి చిప్పలు సరిగా ఎండకపోతే లోపల పచ్చటి బూజు కడుతుందని తెలిసినవాళ్లం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏ ఇంట్లోనూ అమ్మ ఊరుకోదు. ఇంత తెలిసిన మనం స్నానాల గది దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిని గుమ్మం బయటే ఎందుకు వదిలేస్తున్నామన్నదే నా బాధ.

మా తాతగారి రోజుల్లో స్నానాల గది పెరట్లో ఉండేది. మూడు పక్కల గోడ, ఒక పక్క తడిక, పైన సగం ఆకాశం. మధ్యాహ్నానికి ఎండ పడి గచ్చు పొడిగా అయిపోయేది. నూతి గట్టున పాకుడు పట్టినా కొబ్బరి పీచుతో తోమితే పోయేది. ఇప్పుడు పడక గదికి ఒకటి చొప్పున అటాచ్‌డ్ బాత్‌రూములు కట్టుకుంటున్నాం, అందులో తప్పేమీ లేదు, పెద్దవాళ్లకు రాత్రిపూట ఎంతో సుఖం. కాని దోమలు వస్తాయని వెంటిలేటర్‌కు కదలని అద్దం బిగిస్తున్నాం, పక్కింటి గోడకు రెండడుగుల దూరంలో ఆ వెంటిలేటర్ పెడుతున్నాం, ఎగ్జాస్ట్ ఫ్యాను కోసం వదిలిన రంధ్రాన్ని అట్టముక్కతో మూసేస్తున్నాం. ఆ గదిలో నలుగురు వేడినీళ్లతో స్నానం చేసి తలుపు మూసేస్తే, ఆ ఆవిరి వెళ్లడానికి దారి ఎక్కడుంది?

బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అవి మొలవడానికి తడి కావాలి, తిండి కావాలి. సిలికాన్ వాటికి తిండి కాదు. దాని మీద పేరుకునే సబ్బు జిడ్డు, షాంపూ, తలంటు నూనె, మన ఒంటి నుంచి రాలే పొలుసులు వాటి తిండి. శానిటరీ రకం సిలికాన్‌లో బూజును అడ్డుకునే మందు కలిపే ఉంటుంది, అయితే నీళ్లు తగిలేకొద్దీ ఆ మందు కొద్దికొద్దిగా తగ్గిపోతుంది. అప్పుడు బూజు పోగులు పైపొరలోంచి లోపలికి దిగుతాయి. ఇంకా పెద్ద చిక్కు, అంచు ఎక్కడో ఒక చోట టైలును వదిలేసినప్పుడు వస్తుంది: నీళ్లు ఆ సందులోంచి వెనక్కి చేరి, ఆరే దారి లేక అక్కడే నిలబడతాయి, బూజు వెనకవైపు నుంచి పెరుగుతుంది. తడిగుడ్డతో తుడిచి చూడండి. నలుపు గుడ్డకు అంటకుండా సీసా వెనక మరకలా లోపల కనిపిస్తూ ఉంటే ఇక రుద్దడం వృథా. స్టీలు పీచుతో రుద్దితే మరీ నష్టం, ఎందుకంటే సిలికాన్ మీద పడే ప్రతి గీతా బూజు కూర్చోవడానికి కొత్త చోటు.

రెండేళ్ల కిందట నాకు ఇది తెలియదు. నలుపు చూపించడానికి ఒక టైల్స్ మేస్త్రిని పిలిచాను. ఆయన చూసి, "ఆయ్, దీనికంత కంగారెందుకండీ, పైన ఇంకో కోటు లాగేత్తాను, అద్దంలా ఉంటాది" అన్నారు. పాతది తీయలేదు, తుడవలేదు, గోడ తడి ఆరిందో లేదో చూడలేదు. అరగంటలో పని అయిపోయింది, కూలి తీసుకుని వెళ్లిపోయారు. సిలికాన్ గట్టిపడిన పాత సిలికాన్‌కు సరిగా అంటుకోదు. ఈ సంగతి ఆ పని చేసేవారికి తెలియకపోవడం వేరు, తెలిసీ చేయడం వేరు. రెండోది జరిగినప్పుడు నాకు కోపం వస్తుంది, ఎందుకంటే డబ్బు మనదే పోతుంది, నమ్మకమూ మనదే పోతుంది. దసరా నాటికి కొత్త పొర అంచులు లేచి, గోరు పెట్టి లాగితే పొడవాటి పట్టీలా ఊడి వచ్చింది. దాని అడుగు భాగం పై భాగం కంటే నల్లగా ఉంది, పాచి నీళ్ల వాసన వేసింది.

చుక్కలు ఇంకా పైపైనే ఉన్నప్పుడు బ్లీచింగ్ పనిచేస్తుంది, ఆ మాట కూడా చెప్పాలి. కాని నిలువు గోడ మీద చల్లితే అది రెండు నిమిషాల్లో కిందికి కారిపోతుంది, బూజు మీద నిలవదు. బ్లీచింగ్ నిలిచి ఉండాలి. దీపానికి వత్తులు చేసినట్టు దూదిని పొడవుగా నలిపి, బజారులో దొరికే బ్లీచ్ ద్రావణంలో తడిపి, ఆ నల్లటి చార వెంబడి అతికించినట్టు పెట్టి, ఆరిపోకుండా పైన పాలిథిన్ కాగితం కప్పి, మూడు నాలుగు గంటలు వదిలేయండి. తర్వాత వత్తి తీసి నీళ్లతో బాగా కడగండి, లేకపోతే స్టీలు కుళాయిలకు మచ్చలు పడతాయి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. సీసా పాతదైతే, ఎండ తగిలే చోట ఉంటే అందులో బలం ఉండదు. వరద తీసిన తర్వాత పంచాయతీవారు చల్లే బ్లీచింగ్ పొడిదీ అదే సంగతి. తాజా పొడిలో 33 శాతం దాకా పనిచేసే క్లోరిన్ ఉంటుంది, కాని మూతి విప్పి నెలల తరబడి ఉంచిన సంచిలో సున్నమే మిగులుతుంది.

ఇక అసలు భయపడవలసిన విషయం. మన ఊళ్లలో బాత్‌రూం అంటే యాసిడ్. బండి మీద ఏ చీటీ లేని సీసాల్లో అమ్ముతారు. కంపెనీల పేరుతో వచ్చే టాయిలెట్ క్లీనర్లలోనూ చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. మొన్న వేసవిలో నేను దూది వత్తులు పెట్టి బయటికి వెళ్లాను. మా మేనత్త ఇంటికి వచ్చి ఉంది. "వీడు దూది పెట్టి ఎప్పటికి తోముతాడు" అనుకుని, నాకు సాయం చేద్దామని, ఆ వత్తుల మీదనే యాసిడ్ పోసింది. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని యీప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. నేను వచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది, కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, మాట రావడం లేదు. వీధిలోకి తీసుకువెళ్లి గాలిలో కూర్చోబెట్టి, తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఆమె కోలుకుంది. కాని ఆ గదికి కిటికీ లేకపోతే, లోపల గడియ పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. వెనిగర్, నిమ్మరసం కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు, అమోనియా ఉన్న క్లీనర్లూ కలపకూడదు. ఒక మందు వాడిన రోజున రెండోది ముట్టుకోకండి. ఇంట్లో ఉన్నవారందరికీ ఆ సంగతి నోటితో చెప్పి మరీ బయటికి వెళ్లండి. నేను చెప్పకుండా వెళ్లాను, తప్పు నాది.

అత్త కోలుకున్నాక, నేనే కూర్చుని మొత్తం సిలికాన్ తీశాను. పదునైన కట్టర్ బ్లేడును టైలుకు ఆనించి పై అంచు వెంట ఒకసారి, కింది అంచు వెంట ఒకసారి కోస్తే మధ్య భాగం తాడులా లేచి వస్తుంది. అది పది నిమిషాల పని. మిగిలిన పలుచటి పొరను గీకడానికే నాకు ఒక పూట పట్టింది. వేలితో తడిమితే ఎక్కడ జిగురుగా, రబ్బరులా తగిలితే అక్కడ ఇంకా ఉన్నట్టే, దాని మీద కొత్తది అంటదు. మూల దగ్గర గీకుతుంటే సందులోంచి బూడిద రంగు నీళ్లు ఊరాయి, వానలు పోయి ఐదు నెలలు దాటినా ఆ నీళ్లు అక్కడే ఉన్నాయి. ఆ సందును బ్లీచింగ్‌తో కడిగి, మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఆ గది వాడకుండా టేబుల్ ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. చివర్లో స్పిరిట్ అద్దిన గుడ్డతో జిడ్డు తుడిచాను.

కొత్త ట్యూబు కొనేటప్పుడు శానిటరీ అనో, యాంటీ ఫంగల్ అనో దాని మీద ఉందో లేదో చూడండి, అద్దాల పనికి వాడే మామూలు రకం ఇస్తే తీసుకోకండి. గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం గాజుకూ, టైలుకూ బాగానే ఉంటుంది కాని పాలరాతికి పనికిరాదు, ఆ ఆమ్లం రాతిని తింటుంది. మార్బుల్ ఉన్నవారు న్యూట్రల్ రకం అడగాలి. రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించి, గన్నుతో ఆగకుండా ఒకే లాగుడులో వేసి, సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒకసారి మాత్రమే నునుపు చేసి, పైపొర కట్టకముందే టేపు లాగేయాలి. సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకునే గట్టిపడుతుంది కనుక మన గాలి దానికి మేలే చేస్తుంది. సందులో నిలిచిన నీళ్లే దానికి శత్రువు. కనీసం ఒక రోజు, మందంగా వేస్తే రెండు రోజులు నీళ్లు తగలనివ్వకండి.

ఇల్లు కట్టుకుంటున్నవారు నేల వాటం విషయంలో మేస్త్రిని మొహమాటం లేకుండా నిలదీయండి. చెంబుడు నీళ్లు గాజు తలుపు మూలన పోసి, అవి జాలీ వైపు పోతున్నాయో, మూలనే నిలుస్తున్నాయో టైల్సు వేసిన రోజునే చూడండి. వెంటిలేటర్‌కు అద్దం బదులు దోమల జాలీ పెట్టండి. ఉన్న ఇంట్లోనైతే, చివరగా స్నానం చేసినవారు వైపర్‌తో గోడ మీది నీళ్లు లాగేసి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఒక అరగంట తిరగనిచ్చి, తలుపు తెరిచి ఉంచితే చాలు. మా ఇంట్లో అందరికీ ఆ అలవాటు పట్టడానికి రెండు నెలలు పట్టింది. మా నాన్నగారికి ఆయాసం ఉంది, బూజు గాలి ఆయనకు పడదు, ఆ ఒక్క కారణం చెప్పాకే పిల్లలు వైపర్ చేతిలోకి తీసుకున్నారు.

వేసవిలో వేసిన సిలికాన్ ఈ వానల్లో ఇప్పటిదాకా తెల్లగానే ఉంది, ఒక్క చోట తప్ప. షాంపూ సీసాలు నేల మీద పెట్టే మూలన, వాటి అడుగున తడి ఆరక, నాలుగు చుక్కలు పడ్డాయి. నిన్న అక్కడ దూది వత్తి పెట్టి మూడు గంటలు ఉంచితే పోయాయి. సీసాలను గోడకు కొట్టిన కమ్మీల అర మీదికి మార్చాను.