డీఎస్ న్యూ ఫైనల్ 2 అంటే ఏ సబ్జెక్టు?

సెమిస్టరు మొదలైతే చాలు, చెన్నైలో మా స్టాఫ్‌రూములో ఒకటే గోల. విద్యార్థికి కోర్సు కనబడదు, కనబడినా అది నిరుటిది. పాఠాలన్నీ మూడుల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. అందులో ‘డీఎస్’ అని వెతికితే వచ్చేవి చూడండి: డీఎస్ న్యూ, డీఎస్ న్యూ ఫైనల్, డీఎస్ న్యూ ఫైనల్ 2, మేడమ్ డీఎస్, డీఎస్ కాపీ 1. వీటిలో డేటా స్ట్రక్చర్స్ ఏది, డేటా సైన్స్ ఏది, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఏది? పెట్టినాయనకు తెలుసు. ఆయన ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయారు.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవాళ్లతో నాకు పేచీ. 2002లో వచ్చిన ఈ మూడుల్ కోర్సు పేరు కోసం మూడు గడులు ఇస్తుంది. పూర్తి పేరు మనిషి చదవడానికి. ఐడీ నంబరు బయటి రికార్డులతో జత కలపడానికి. పొట్టి పేరు రెండు కోర్సులకు ఒకటే ఉంటే ఒప్పుకోదు. ఫోరమ్ సందేశం మెయిల్‌గా వచ్చినప్పుడు సబ్జెక్టు లైనులో ముందు కనబడేదీ అదే. రాత్రి పదింటికి ‘డీఎస్ఎక్స్2: రేపటి పరీక్ష వాయిదా’ అని వస్తే ఏ సెక్షన్ పిల్లలు నిద్రపోవాలి, ఎవరు చదువుకోవాలి?

పేరు కనిపెట్టే కష్టం కూడా మనకు లేదు. అన్నా విశ్వవిద్యాలయం ఎప్పుడో కోడ్ ఇచ్చేసింది. 2017 రెగ్యులేషన్‌లో, అంటే ఆ ఏటి సిలబస్ నిబంధనల్లో, డేటా స్ట్రక్చర్స్ సీఎస్8391, 2021 రెగ్యులేషన్‌లో సీఎస్3301. కోడ్ చూస్తే సిలబస్ ఏదో తెలిసిపోతుంది. అరియర్, అంటే తప్పిన పేపరు మళ్లీ, రాసే పిల్లవాడికి ఇది ప్రాణావసరం: పాత సిలబస్‌లో పరీక్ష రాయాల్సినవాడు పేరు చూసి మోసపోయి కొత్త నోట్సు బట్టీ పడుతున్నాడు. సర్దార్ పటేల్ రోడ్డు దాటితే ఐఐటీ మద్రాసు. అక్కడి నుంచి నడిచే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల కోడ్‌లోనే సంవత్సరం ఉంటుంది. అవే వీడియోలు మళ్లీ నడిపినా కోడ్ కొత్తదే.

కాబట్టి పొట్టి పేరు ఇలా ఉండాలంటాను: ‘2025ఆడ్-సీఎస్3301-ఏ’. సంవత్సరం, సెమిస్టరు (ఆడ్ అంటే బేసి సెమిస్టరు), కోడ్, సెక్షన్. సంవత్సరం ముందుంటే వరుస దానంతటదే కుదురుతుంది. వరుస ముఖ్యమా అంటారా? చెన్నైలో ఫారాలు నింపిన తెలుగువాళ్లను అడగండి. ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తేలక పాస్‌పోర్టులో ఒక మనిషి, బ్యాంకులో ఇంకో మనిషి అయినవాళ్లం. పూర్తి పేరులో మాత్రం సబ్జెక్టే ముందుండాలి, ఫోను తెరమీద సగం పేరే కనబడుతుంది కనుక.

అధ్యాపకుల పేర్లు వద్దు, వాళ్లు మారతారు. ‘న్యూ’ వద్దు, వచ్చే జూన్‌కు అది పాతదే. క్యాంపస్, బ్యాచ్, గది నంబరు అంటూ తొమ్మిది ముక్కల కోడ్ తయారుచేసే ఉత్సాహవంతులకూ నమస్కారం. దాన్ని ఎవరూ సరిగా టైపు చేయరు. ముగింపు తేదీ తప్పక పెట్టండి. పెడితే పాత కోర్సు ‘గతం’ జాబితాలోకి పోతుంది, లేకపోతే ఏళ్ల తరబడి ‘నడుస్తున్నవి’లోనే ఉంటుంది. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చిన కోర్సుకు ‘కాపీ 1’ అని మూడుల్ తనే తగిలిస్తుంది. అది తీసేయడానికి అర నిమిషం చాలు, ఎవరూ తీయరు.

సర్క్యులర్ పంపితే సరిపోతుందన్నది పెద్దల భ్రమ. పొట్టి పేరు మార్చే అనుమతిని, పూర్తి పేరు మార్చే అనుమతిని మూడుల్‌లో విడివిడిగా ఇవ్వవచ్చు. మొదటిది అధ్యాపకుల నుంచి తీసేసి అడ్మిన్ దగ్గర ఉంచండి, రెండోది వాళ్లకే వదిలేయండి. ‘నా కోర్సు నా ఇష్టం’ అని సీనియర్లు కొన్నాళ్లు గొడవ చేస్తారు. చేయనివ్వండి.