విజయవాడలో 315 డిగ్రీలు

మన పూర్వులు మనిషికి పదహారు సంస్కారాలు విధించారు. పదిహేడోదాన్ని హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అమీర్‌పేట చేర్చింది. దాని పేరు వెదర్ యాప్, అంటే ఊరి పేరు కొడితే అక్కడి వాతావరణం చూపే పేజీ. అన్నప్రాసన జరగకుండా పెరిగి పెద్దయినవాళ్లున్నారు గానీ, వెదర్ యాప్ చేయకుండా ఫ్రంటెండ్ (వెబ్‌పేజీలు తయారుచేసే) ఉద్యోగానికి రెజ్యూమె పంపినవాణ్ని మేమింతవరకు చూడలేదు.

దీనికీ విధివిధానాలున్నాయి. నీలం నుంచి ఊదాలోకి జారే గ్రేడియంట్, నడుమ గుండ్రటి మూలల డబ్బా, అందులో ఊరి పేరు కొట్టే గడి, పక్కన భూతద్దం బొమ్మ. వీటిలో ఏది లోపించినా ఫలం దక్కదు.

ముందుగా వాతావరణ సమాచారం ఇచ్చే ఓపెన్‌వెదర్‌మ్యాప్ సైట్లో అకౌంట్ తెరిచి ఏపీఐ కీ పుచ్చుకోవాలి. ఏపీఐ అంటే మన కోడ్ వాళ్ల సర్వర్‌ను సమాచారం అడిగే దారి, కీ దాని తాళంచెవి. కీ అప్పటికప్పుడే చేతికొస్తుంది. అది పనిచేయడానికి మాత్రం ఒక్కోసారి గంటా రెండు గంటలు పడుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నమాట. ఈలోగా సర్వర్ 401, అంటే నీ కీ చెల్లదు, అని కసురుతూ ఉంటుంది. కుర్రాడికి టెన్షన్. బాగున్న కోడ్ తుడిచేస్తాడు, పక్కవాడిది కాపీ కొడతాడు, ఆఖరికి లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తాడు. సరిగ్గా అప్పుడే కీ నిద్రలేస్తుంది. రీస్టార్ట్ చేస్తే 401 పోతుందనే శాస్త్రం అలా పుట్టి, హాస్టల్ గదుల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు సంక్రమిస్తోంది.

కీ పలికాక ఉష్ణోగ్రత వస్తుంది: విజయవాడ, 315 డిగ్రీలు. మనం అడగకపోతే ఆ ఏపీఐ కెల్విన్ అనే శాస్త్రవేత్తల కొలతలో చెబుతుంది. మన సెల్సియస్ కావాలంటే 273.15 తీసేయాలి, లేదా అడిగేటప్పుడే యూనిట్స్ మెట్రిక్ అని చెప్పాలి. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడలో నిలబడి ఆ 315ను శంకించే సాహసం ఎవరికుంది?

గాలి సంగతి ఇంకా ఘనం. మెట్రిక్ అన్నాక గాలి వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. మనవాడు దాని పక్కన గంటకు కిలోమీటర్లని రాసుకుంటాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలులతో విశాఖ మీద పడింది. అదే గాలిని మన యాప్‌లో చూసి ఉంటే 50 అని కనిపించేది. విపత్తు నిర్వహణలో ఇంత చవకైన పద్ధతి మరొకటి లేదు.

క్లాసులో సారు ఎప్పుడూ హైదరాబాద్ అనే టైప్ చేస్తారు. హైదరాబాద్ ఎప్పుడూ వస్తుంది. లేని ఊరి పేరు కొడితే సర్వర్ 404, అంటే దొరకలేదని పంపుతుంది, జవాబు తెచ్చిపెట్టే ఫెచ్ అనే కమాండ్ మాత్రం దాన్ని ఎర్రర్‌గా లెక్కచేయదు. ఏదో ఒక జవాబు వచ్చింది కదా, దాని పని అయిపోయింది. తర్వాత లేని ఉష్ణోగ్రత కోసం వెతికిన కోడ్ అన్‌డిఫైన్డ్ అంటూ కూలబడుతుంది, పేజీ తెల్లబోతుంది. రెస్పాన్స్‌లో ఓకే ఉందో లేదో ముందే చూసుకోవాలని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కానీ అది సిలబస్‌లో లేదు. బ్యాచ్ నలభై ఐదు రోజులే.

తెనాలిలో ఆ కుర్రాడి వాళ్లమ్మ ఫోన్లో ఈ యాప్ తెరిచి, "రేపు వడియాలు పెట్టుకోవచ్చంటావా నాన్నా?" అని అడిగింది. యాప్ ఈ క్షణం సంగతే చెబుతుంది, రేపటి సంగతికి వేరే చోట అడగాలి. తేమ 74 శాతం, పీడనం 1006 హెక్టోపాస్కల్ అని మాత్రం ఠీవిగా చూపించింది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, డాబా ఎక్కి పడమటి దిక్కు చూసుకుని వచ్చింది.

ఇక రహస్యం. కీని కోడ్‌లో రాయకుండా ఎన్వ్ అనే విడి ఫైల్లో దాచాలని వీడియోలో చెప్పారు కాబట్టి దాచారు. బ్రౌజర్లో నడిచే యాప్‌కు అది ఉత్త లాంఛనం. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే ప్రతి రిక్వెస్ట్ చివరా కీ మొత్తం కనిపిస్తుంది. నిజంగా దాచాలంటే నడుమ మన సర్వర్ ఒకటుండాలి. కొందరు ఆ ఎన్వ్ ఫైల్నే, నలుగురూ కోడ్ చూసే గిట్‌హబ్‌లో పెట్టి, "కీస్ సేఫ్" అని కమిట్ మెసేజ్ రాస్తున్నారు.

ఇంతకీ వాతావరణమే ఎందుకని మీరు అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2012లో తెరిచిన డేటా.గవ్.ఇన్‌లో మార్కెట్ యార్డుల రోజువారీ పంట ధరలు ఏపీఐ రూపంలోనే ఉన్నాయి. శాంపిల్ కీతో ఒకసారికి పది వరసలే వస్తాయి గానీ, సొంత కీ ఉచితమే. మిర్చి ధర ఏ యార్డులో ఎంత పలుకుతోందో చూపే పేజీ చేస్తే కనీసం వాళ్ల బాబాయి రోజూ తెరుస్తాడు. అయితే దానికి ముప్పై నిమిషాల వీడియో లేదు. గ్రేడియంట్ ఏ రంగులో ఉండాలో చెప్పేవాడు లేడు.

ఒక పిచ్చివాడు అది కూడా చేశాడనుకోండి. ఊరి పేరు తప్పు కొడితే మర్యాదగా చెబుతుంది, ధర రాని రోజున "ఈరోజు ధర రాలేదు" అంటుంది. ఇంటర్వ్యూలో పెద్దమనిషి అటూ ఇటూ జరిపి చూసి, రెజ్యూమె రెండో పేజీ తిప్పి అడుగుతాడు: "బాగుంది బాబూ. వెదర్ యాప్ లేదా?"