గడ్డం కింద గుల్లలు వేడి చేసి రావు, పిన్నీసు జోలికి పోకండి

భీమవరం నుంచి అమలాపురం దాకా అందరి ఫోన్లలో తిరుగుతున్న మెసేజ్ ఇది: "గడ్డం కింద, మెడ మీద గుల్లలు ఒంట్లో వేడి వల్ల వస్తాయి. కొబ్బరి బొండం తాగండి, నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దండి, పిన్నీసుతో గుచ్చి వెంట్రుక పీకేయండి, ఎదురు గీసి నున్నగా షేవింగ్ చేసుకోండి, వారంలో మాయం." ఇది నమ్మి మెడంతా నల్లమచ్చలు చేసుకుంటున్న కుర్రాళ్ళను చూస్తుంటే బాధేస్తోంది.

ముందు వేడి సంగతి. బొండం తాగండి, దాహం తీరుతుంది. గుల్లకు కారణం మాత్రం గీసిన వెంట్రుక. బ్లేడు తగిలి కొస వాడిగా తెగుతుంది, జుట్టు ఉంగరాలదైతే అది వంగి మళ్ళీ చర్మంలోకే దిగుతుంది, ముల్లు గుచ్చుకున్న చోట వాచినట్టే అక్కడా వాస్తుంది. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. మన ఉక్కపోత, చెమట, చొక్కా కాలర్ రాపిడి మంటను పెంచుతాయి, అంతే.

అన్నిటికంటే హాని చేసేది ఆ "ఎదురు గీత" సలహా. చర్మం సాగదీసి, రెండు మూడు బ్లేడ్ల రేజర్‌తో ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టానికి కిందే తెగి, అక్కడి నుంచే పక్కకు పొడుచుకుంటుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళను గమనించండి, 41 రోజులు గడ్డం గీయరు కాబట్టి చాలామందికి గుల్లలు వాటంతటవే అణిగిపోతాయి, మాల తీశాక నున్నగా గీయించుకోగానే మళ్ళీ మొదలు. చన్నీళ్ళ స్నానం వల్ల తగ్గిందనుకుంటారు గానీ, వెంట్రుక పొడవు పెరిగి దానంతటదే బయటికి రావడం వల్ల తగ్గింది. అసలు మందు అదే: కొన్ని వారాలు గీయకండి. ఉద్యోగం ఒప్పుకోదా? ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించండి.

పిన్నీసు వద్దంటే వద్దు. లోపల ఉన్నదాన్ని తవ్వితే చీము, మచ్చ, కొందరికి కెలాయిడ్ గడ్డ, అంటే గాయం మచ్చ ఉబ్బి గట్టిగా పెరిగేది. పీకేసిన వెంట్రుక మళ్ళీ మొలిచేటప్పుడు మళ్ళీ లోపలే గుచ్చుకోవచ్చు. గోరువెచ్చని తడిగుడ్డ పది నిమిషాలు అద్దండి. ఉంగరంలా పైకి కనిపిస్తేనే స్పిరిట్‌తో తుడిచిన సూదితో ఆ కొసను లేపి వదిలేయండి. షుగర్ ఉన్నవాళ్ళు అదీ చేయొద్దు.

నిమ్మరసం గీసిన చర్మాన్ని మండిస్తుంది, పైగా అది రాసుకుని ఎండలో చేలోకో చెరువు గట్టుకో వెళ్తే చర్మం కాలి నల్లబడొచ్చు. గీశాక రుద్దే పటిక చిన్న గాటుకి రక్తం ఆపుతుంది, వెంట్రుకను బయటికి లాగదు.

గీయక తప్పకపోతే స్నానం అయ్యాక, నురగ బాగా పట్టించి, వెంట్రుక మొలిచిన వాలునే గీయండి. సెలూన్‌లో కొత్త బ్లేడు వేయమనండి, "రెండో గీత వద్దన్నా" అని మొహమాటం లేకుండా చెప్పండి. సాలిసిలిక్ యాసిడ్ లేదా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న క్రీము కొందరికి బాగా పనిచేస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ క్రీము మాత్రం రోజూ రాయకండి, చర్మం పలచబడుతుంది, అది నిజంగా తామర అయితే ఇంకా పాకుతుంది. చీము, నొప్పి, జ్వరం ఉన్నా, గడ్డ గట్టిపడుతున్నా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఎప్పటికీ తగ్గనివాళ్ళకు లేజర్ చికిత్స కూడా ఉంది.