ఆక్షన్ షీటును తక్షణం నిషేధించాలి

పాత బండి కొనడం మన దగ్గర ఎప్పటి నుంచో నమ్మకం మీద నడుస్తున్న వ్యవహారం. అమ్మేవాడు "డాక్టరు గారి బండి సార్, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదు" అంటాడు. కొనేవాడు టైరును కాలితో ఓసారి తన్ని, బానెట్ ఎత్తించి, లోపల ఏది ఏమిటో తెలియకపోయినా కాసేపు సీరియస్‌గా చూస్తాడు. వెంట తెచ్చుకున్న మెకానిక్ ఇంజిన్ దగ్గర చెవి పెట్టి "పర్లేదన్నా" అంటాడు. ఆ "పర్లేదన్నా" మీదే విజయవాడ ఆటోనగర్‌లో ఎన్ని బండ్లు చేతులు మారాయో, ఎన్ని కుటుంబాలు బతికాయో. ఎవరికీ నిద్ర కరువు కాలేదు.

ఇంత సజావుగా సాగుతున్న ధర్మాన్ని చెడగొట్టింది జపాన్ వాళ్లు. కారును వేలానికి పెట్టే ముందు అందులో ఉన్న లోపాలన్నీ ఒక కాగితం మీద రాసిపెడతారు. అమ్మకానికి ముందే, కొనేవాళ్లందరికీ కనపడేలా! దాన్నే ఆక్షన్ షీటు అంటారు. ఆ కాగితాన్ని నిషేధించాలని న్యూజిలాండ్ ప్రభుత్వాన్నీ, జపాన్ ప్రభుత్వాన్నీ, తీరిక ఉంటే ఐక్యరాజ్య సమితినీ కోరుతున్నాను. ఇందులో నాకు వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక కారు.

నేనుండేది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగు కుడివైపు. జపాన్‌లోనూ అంతే. అందుకే అక్కడ వాడిన బండ్లు ఓడలెక్కి ఇక్కడికి వస్తాయి. జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్ల తర్వాత, ఆపై రెండేళ్లకోసారి "షాకెన్" అనే తనిఖీ తప్పనిసరి. దాని ఖర్చు చూసి, తనిఖీ గడువు దగ్గరపడుతుంటే బండి అమ్మేద్దాం అనుకునేవాళ్లు చాలామంది. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్టు అయిపోయిందని బండి అమ్మేసినవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

ఇక కాగితం సంగతి. అందులో ఒక కారు బొమ్మ ఉంటుంది, డోర్లూ బానెట్టూ విప్పి నేల మీద పరిచినట్టు. గీత పడిన చోట 'ఏ', సొట్ట పడిన చోట 'యు', రెండూ ఉంటే 'బి', తుప్పుంటే 'ఎస్' అని రాస్తారు. పక్కన దెబ్బ ఎంత పెద్దదో చెప్పే అంకె. ఏ1 అంటే కళ్లజోడు పెట్టుకుని ఎండలో వంగి చూస్తే తప్ప కనపడనంత గీత. దాన్నీ వదలరు. డబ్ల్యూ అంటే రిపేరు చేసి రంగు వేసిన చోట అల కనిపిస్తోందని. ఎక్స్ ఒక్కటే ఉంటే ఆ భాగం మార్చాలి, రెండు ఎక్స్‌లుంటే మార్చేశారు.

అంతటితో ఆగితే బాగుండేది. లోపలికి దూరి వాసన కూడా చూస్తారు. సిగరెట్టు వాసన, పెంపుడు జంతువు వాసన, సీటు మీద నిప్పు పడి కాలిన మచ్చ, అన్నీ నమోదు. మన దగ్గర ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు "నాన్‌వెజ్ వండుతారా?" అని అడగడంతో సరిపెట్టుకుంటారు.

చివర మొత్తం బండికి మార్కు. 'ఎస్' అంటే దాదాపు కొత్తది (ఇందాకటి తుప్పు 'ఎస్' వేరు, కంగారు పడకండి). ఆ తర్వాత 6, 5, 4.5, 4, 3.5, అలా కిందికి. లోపలి భాగానికి విడిగా ఏ, బీ, సీ, డీ. వీటన్నిటికీ దూరంగా, ఊరి బయట, 'ఆర్' ఉంటుంది. దాని నియమం వినండి. బోల్టులు విప్పి డోరు మార్చినా, ఫెండరు మార్చినా, బానెట్ మార్చినా అది చరిత్ర కాదు. అదే పైకప్పును మోసే పిల్లరునో, ఫ్రేమునో, నేలనో, పైకప్పునో కోసి వెల్డింగు పెడితే అది "షూఫుకు రెకి", అంటే మరమ్మతు చరిత్ర. ఆ ముద్ర పడితే ఇక జన్మకు పోదు. మన దగ్గర జైలుకెళ్లొచ్చిన మనిషికి పూలదండలు వేసి ఊరేగిస్తారు, అదృష్టం బాగుంటే టికెట్టూ ఇస్తారు. జపాన్‌లో ఒక్కసారి పిల్లరు వంగిన కారుకు ఆ మాత్రం పునరావాసం లేదు.

వేలంపాట అన్నా చూసి తరిద్దామని వీడియోలు పెట్టుకుంటే మరింత నిరాశ. మనకు వేలం అంటే బాలాపూర్ లడ్డూ. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల ఒక వెయ్యికి పోయింది. డప్పులు, దండలు, "రెండోసారి" అన్నాక మూడోసారికి ముందు ఆ గుండెదడ! జపాన్‌లో అన్నిటికంటే పెద్ద వేలం కంపెనీ యూఎస్ఎస్. వాళ్ల టోక్యో కేంద్రం పేరుకే టోక్యో, ఉండేది చిబా ప్రిఫెక్చర్‌లోని నోదా ఊళ్లో. శంషాబాద్‌లో విమానం దింపి హైదరాబాద్ వచ్చేశామన్నట్టే. అక్కడ ప్రతి గురువారం ఒక్కరోజులోనే పది వేలకు పైగా బండ్లు వేలానికి వస్తాయి. సినిమా హాల్లోలాగా వరసగా సీట్లు, ఎదురుగా పెద్ద తెరలు, ఒక్కొక్కరి చేతికింద ఒక బటన్. ఒక్కో బండికి అర నిమిషం కూడా ఇవ్వరు. ఎవరూ అరవరు, ఎవరూ తొడ కొట్టరు. పది వేల బండ్లు పోయినా పక్కవాడి టీ చల్లారదు.

పైగా అందరినీ పాడనివ్వరు. పాత వస్తువుల వ్యాపారానికి పోలీసుల ద్వారా లైసెన్సు తీసుకుని, వేలం కంపెనీలో సభ్యత్వం ఉన్నవాళ్లకే ప్రవేశం. మనలాంటివాళ్లు ఒక ఎగుమతి ఏజెంటును పట్టుకుని, డబ్బు ముందుగా కట్టి, రోజంతా ఫోను చూస్తూ కూర్చోవాలి. లేదంటే నాలాగా, తెచ్చిన బండ్లను ఇక్కడ అమ్మే యార్డుకు వెళ్లాలి.

నేను యార్డుకు వెళ్లాను. చిన్న హైబ్రిడ్ కారు, తెల్ల రంగు, కడిగిన ముత్యంలా ఉంది. ధర, సంవత్సరం, మీటరు రీడింగు రాసిన కార్డు అద్దానికి వేలాడుతోంది. అది ఇక్కడి చట్టం. చట్టం అడగనిది అమ్మేవాడు నోటితో చెప్పాడు. "జపాన్‌లో ఒక ముసలావిడది. కూరగాయలకు మాత్రమే వెళ్లేది." ఆక్లాండ్ యార్డులు తిరిగినవాళ్లకు తెలుసు, జపాన్ దేశంలో కార్లు నడిపేది ముసలమ్మలే. వాళ్లు తినేదీ కూరగాయలే. షీటు ఉందా అని అడిగాను. "షిప్పింగ్‌లో మిస్సయింది" అన్నాడు.

నేను నమ్మాను. యొకొహామాకూ ఆక్లాండ్‌కూ మధ్య సముద్రం తక్కువా? 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడల్లో పంటల్ని పాడుచేసే కంపు నల్లులు (స్టింక్ బగ్స్) కనపడ్డాయని ఇక్కడి అధికారులు ఆ ఓడల్ని దింపుకోకుండా వెనక్కి పంపేశారు. వేల కార్ల మధ్య వేలిగోరంత పురుగును పట్టుకోగలిగిన దేశంలో, ఏ4 సైజు కాగితం మాత్రం ఏ ఓడలోనూ దొరకదు.

రెండేళ్లు హాయిగా గడిచాయి. ఆ తర్వాత మా తోడల్లుడు ఈ దేశం వచ్చాడు.

అతను చదువుకున్నవాడు. చదువు పూర్తయ్యాక కూడా మానలేదు. ఆరు వారాలు షీట్లు చదివి, ఏజెంటు ద్వారా 4.5 గ్రేడు, లోపల బీ ఉన్న బండి తెప్పించుకున్నాడు. షీటును లామినేషన్ చేయించి ఫ్రిజ్‌కు అంటించాడు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు పైన. ఉగాది నాడు మా ఇంట్లో భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"అన్నయ్యగారూ, మీ బండి చాసిస్ నంబరు ఓసారి చెప్పండి. ఊరికే."

ఊరికే అని మొదలైనవేవీ ఊరికే పోవు. చాసిస్ నంబరు కొట్టి కొద్దిగా డాలర్లు కడితే పాత షీటు తీసిచ్చేవాళ్లు ఉంటారని నాకప్పటిదాకా తెలియదు. సముద్రంలో మునిగిందనుకున్న కాగితం పది నిమిషాల్లో అతని ఫోన్లోకి తేలింది. గ్రేడు: ఆర్. ఎడమ ముందు ఫెండరు మీద రెండు ఎక్స్‌లు, ఎడమ పిల్లరుకు మరమ్మతు. డోరు మీద డబ్ల్యూ2. లోపల సీ. కింద జపనీస్‌లో ఏదో రాసుంటే ఫోన్‌తోనే అనువాదం చేశాడు: "పెంపుడు జంతువు వాసన".

హాలంతా నిశ్శబ్దం. రెండేళ్లుగా ఆ వాసనకు నా సాక్సులు నిందలు మోస్తున్నాయి. మా ఆవిడ వాటి వైపు కాకుండా నా వైపు చూసి, "ఆ ముసలావిడ కుక్కనెక్కించుకుని ఎవర్ని గుద్దిందంటారు?" అంది.

ఇక్కడే నా ప్రధాన అభ్యంతరం. ఉగాది ముందు రోజు వరకు ఆ బండికి ఏ జబ్బూ లేదు. రెండేళ్లలో ఒక్కసారి ఆగలేదు, లీటరుకు రావాల్సిన మైలేజీ వస్తోంది. షీటు చూసిన మర్నాటి నుంచి ఎడమ పిల్లరులో టిక్ టిక్‌మని శబ్దం వినపడుతోంది. మెకానిక్కు వినపడదు, నాకు వినపడుతుంది. తిన్నగా పోతున్న బండి కాస్త ఎడమకు లాగుతున్నట్టుంది. కారును చెడగొట్టింది ఏ ప్రమాదమూ కాదు, ఒక కాగితం. దీన్ని ఆస్తి నష్టంగా పరిగణించాలా వద్దా?

సమాజానికి జరిగే హాని ఇంకో ఎత్తు. ఒకప్పుడు మనవాళ్లు కలిస్తే ఏ ఊరు, ఇంటిపేరేంటి అని అడిగి ఆగేవాళ్లు. ఇప్పుడు తలా ఒక వంటకం తెచ్చుకునే పొట్లక్‌లో పప్పు వడ్డించుకుంటూ "మీది ఎంత గ్రేడు?" అంటున్నారు. 4.5 వాళ్లంతా ఒక చోట చేరి ఏ1కూ ఏ2కూ తేడా మీద తర్కం చేస్తారు. 3.5 వాళ్లు "ధరకు తగ్గట్టు బానే ఉంది" అని ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటారు. నేను పెరుగు గిన్నె దగ్గర నిలబడితే వెనక నుంచి గుసగుస వినపడింది. "ఆర్ అంట."

ప్రజలకు కావాల్సింది కారు గానీ కాగితం కాదనడానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. రష్యాలో నడిపేది కుడివైపు. అయినా వ్లాదివొస్తోక్ జనం కుడి స్టీరింగు జపాన్ బండ్ల మీద ప్రాణాలు పెట్టుకున్నారు. దిగుమతి సుంకం పెంచితే 2008 డిసెంబరు చలిలో వీధుల్లోకి వచ్చారు. వాళ్లను చెదరగొట్టడానికి మాస్కో వైపు నుంచి ప్రత్యేక పోలీసుల్ని విమానాల్లో దింపాల్సి వచ్చింది. మాకు షీట్లు చూపించండి అని మాత్రం ఏ దేశంలోనూ ఎవడూ లాఠీ దెబ్బ తినలేదు.

మా బావమరిదిని చూడండి. అమెరికాలో ఉంటాడు. అక్కడి నిబంధనలకు సరిపోని విదేశీ కారు రావాలంటే దానికి 25 ఏళ్లు నిండాలి. పెళ్లీడు వచ్చాక గానీ గడప దాటనివ్వరు. వాడు 660 సీసీ బుల్లి జపాన్ ట్రక్కు తెప్పించుకుని గోంగూర మడికి ఎరువు తోలుకుంటున్నాడు. పాతికేళ్ల బండికి గ్రేడేమిట్రా అంటే, "కదులుతోంది బావా" అన్నాడు. అదీ సంస్కారం.

ఇండియా నుంచి మా పెదనాన్న కొడుకు ఇప్పటికీ అడుగుతాడు. "అంత చవకైతే ఒకటి ఇటు పంపరా." పంపొచ్చు. తయారై మూడేళ్లు దాటకూడదు, ముంబై రేవులోనే దిగాలి, ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని సర్టిఫికెట్టు కావాలి, ఆపై సుంకం కారు ధరను మించిపోతుంది. వాడు ఆలోచించి, "పోనీ ఆర్ గ్రేడుదైతే తగ్గుతుందా?" అన్నాడు. ఈ భూమ్మీద ఆర్ అక్షరాన్ని ఆశగా పలికిన ఏకైక మనిషి.

నిజానికి గ్రేడు ఏదైనా ఈ బండ్లన్నిటి మనసూ జపాన్‌లోనే ఉంటుంది. పాత రేడియో సెట్టు 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతుంది. ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108 దాకా. మధ్యలో కలిసే 88కీ 90కీ నడుమ ఏది దొరికితే అదే మన సంగీతాభిరుచి. నావిగేషన్ తెర మీద నేనింకా యొకొహామా దరిదాపుల్లోనే తిరుగుతున్నాను. ఇక స్టార్ట్ చేసినప్పుడల్లా ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా "ఈటీసీ కాడో గా సొన్యూ సరెతె ఇమాసెన్" అంటుంది. టోల్ గేటు కార్డు పెట్టలేదు అని అర్థం, మన ఫాస్టాగ్ లాంటిది. మా తోడల్లుడి 4.5 బండికి గుళ్లో వాహన పూజ చేయించినప్పుడు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మంత్రం ముగిసి, అతను బటన్ నొక్కగానే ఆవిడ అందుకుంది. పంతులుగారు హారతి ఆపి, "ఏమంటోందండీ?" అన్నారు.

"కార్డు పెట్టలేదంటోంది స్వామీ."

"క్యాష్ అయినా పర్లేదు" అని పళ్లెం ముందుకు జరిపారు పంతులుగారు.

పోయిన నెల నా బండి అమ్మకానికి పెట్టాను. తెలుగువాళ్ల గ్రూపులో ప్రకటన రాశాను: ఒకే ఓనరు, గుడికీ ఆఫీసుకూ తప్ప తిరగలేదు, మైలేజీ సూపర్. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, వారాంతాల సంగతి ఎవరూ అడగలేదు. గుంటూరు నుంచి కొత్తగా చదువుకోడానికొచ్చిన కుర్రాడు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. టైరును తన్నలేదు. నాకప్పుడే అనుమానం వచ్చింది.

"షీటుందా అన్నా?"

"షిప్పింగ్‌లో మిస్సయింది తమ్ముడూ."

బండి స్టార్ట్ చేసి చూపించాను. ఆవిడ తన మాట తాను చెప్పింది.

"ఏమంటోందన్నా?"

"పాత ఓనరు ముసలావిడ. గుర్తు చేసుకుంటోంది."

కుర్రాడు తలూపి, బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తాను. పాతకాలం పద్ధతి ఇంకా బతికే ఉందని సంతోషపడి, ఇంజిన్ గురించి నాలుగు మాటలు చెప్పబోయాను. వాడు ఇంజిన్ వైపు చూడనే లేదు. ఫోను తీసి, చాసిస్ నంబరు ఉన్న రేకును ఫొటో తీసుకున్నాడు.