రివర్ మీద పెద్ద బెట్ పడితే కాల్ చేసుడా, పడేసుడా?

పోయిన ఆదివారం హన్మకొండ నక్కలగుట్టల మా దోస్తు రూంల నలుగురం కూసున్నం, ఎవరి ఫోన్ వాళ్ల చేతిల, ఫ్రీ చిప్స్‌తోని పోకర్ నడుస్తుంది. ఇండ్ల ఒక్కొక్కనికి రెండు ముక్కలు, నడిమిట్ల బోర్డు మీద అందరికీ కలిపి ఐదు: మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, చివరిది రివర్. ఎదుటోడు పెట్టినంత పెడితే కాల్, ఏం పెట్టకుండ ఊకుంటే చెక్, ముక్కలు వదిలేస్తే పడేసుడు, నడిమిట్ల జమైన చిప్స్ పాట్. నా చేతిల ఇస్పేట్ ఆసు, ఆఠీన్ జాకీ. ఫ్లాప్‌ల డైమండ్ జాకీ, ఇస్పేట్ 8, ఇస్పేట్ 4 పడ్డయి, టర్న్‌ల కళావర్ 2, రివర్‌ల ఇస్పేట్ 6. ఫ్లాప్, టర్న్ రెండుసార్లు నేను బెట్ చేస్తే చెక్ కొట్టి కాల్ మాత్రమే చేసినోడు, మూడో ఇస్పేట్ పడంగనే తనే ముందుకొచ్చి 1,200 పాట్‌ల 1,200 పెట్టిండు. "ఉత్తగనే బెదిరిస్తుండు, కాల్ చెయ్ అన్నా" అని పక్కనోడు అననే అన్నడు, నాకు గూడ అట్లనే అనిపించింది, చేసిన. వాడు ఇస్పేట్ రాజు, ఇస్పేట్ 9 చూపించిండు, బోర్డుతోని కలిపి ఐదు ఇస్పేట్లు, అదే ఫ్లష్; నాది ఉత్త జాకీల జత.

ఓడిపోయినందుకు కాదు నా బాధ, ఎందుకు కాల్ చేసిన్నో నాకే సరిగ్గ చెప్పరాలేదు, అది మస్తు గుచ్చుకుంది. పైసలైతే పోలేదు. తెలంగాణల పైసలు పెట్టి ఆన్‌లైన్ పత్తాలాడుడు 2017 నుంచే బంద్, 2025 ఆగస్టుల పార్లమెంట్ చేసిన చట్టంతోని దేశమంతా బంద్ అయింది, అది బందుండుడే మంచిదని నా అభిప్రాయం. కానీ ఫ్రీ చిప్స్‌ల ఇంకో చిక్కున్నది: పోయేదేం లేదు కాబట్టి అందరం "ఏముందో చూద్దాం" అని కాల్ చేస్తం. చిన్నప్పటి నుంచి మూడు ముక్కలాట చూసి పెరిగినోళ్లం, ప్యాక్ అంటే పరువు పోయినట్టు, షో అడిగితేనే మొగోడన్నట్టు. ఆ అలవాటే పోకర్‌లకు మోసుకొచ్చినమని నేననుకుంట.

అసలు "వాడు అబద్ధమాడుతుండా" అని అడుగుడే తప్పు ప్రశ్న. ఎంత రేటుకు కాల్ దొరుకుతుందనేది ముందు చూడాలె. పాట్ 1,200 ఉంటే వాడు 1,200 పెట్టిండు, ఇప్పుడు నేను 1,200 పెడితే గెలిచేది 2,400. అంటే ఇట్లాంటి కాల్ మూడుసార్లు చేస్తే ఒక్కసారి గెలిచినా లెక్క సరిపోతది. వాడు 600 మాత్రమే పెట్టి ఉంటే నాలుగిట్ల ఒకటి చాలు. అదే పాట్‌కు డబుల్, 2,400 పెడితే నూటికి నలభై సార్లు గెలవాలె. అంటే బెట్ పెద్దగ అయినకొద్దీ నాకు అనుమానం కాదు, రుజువు ఎక్కువ కావాలె. మనమేమో ఉల్టా చేస్తం, చిన్న బెట్‌కు పడేసి పెద్ద బెట్‌కు కోపమొచ్చి కాల్ కొడతం.

ఇగ ఆ రోజు ముక్కలు ఇప్పుడు కూసోని లెక్కపెడితే. బోర్డు మీద మూడు ఇస్పేట్లు, ఆసు నా దగ్గర, బయట తొమ్మిది మిగిలినయి, వాటిల్ల ఏ రెండు వాని చేతిల ఉన్నా ఫ్లష్, అట్లాంటి జతలు 36. నా దగ్గర ఆసు లేకపోతే 45 ఉండేవి, అంటే ఆసు నాకు పనికొచ్చినమాట నిజమే, అన్నిట్లకెల్లి పెద్ద ఫ్లష్ వాని దగ్గర లేదని గూడ తెలుసు. కానీ నా జాకీల జత చిన్న ఫ్లష్‌కు గూడ ఓడుతది కదా. ఈ 36ల చెత్తవి ఎవ్వరూ ఆడరు, సగం తీసేసినా 18 ఉంటయి. మూడుల ఒకటి లెక్కకు, ఏం లేకున్నా వాడు బెదిరించే జతలు, అంటే నాకు కనీసం 9 బ్లఫ్‌లు కావాలె. ఎక్కడికెళ్లి వస్తయి? సీక్వెన్స్ కోసం చూసి మిస్ అయిన 10, 9 జతలు 16 ఉన్నయి, రెండూ ఇస్పేట్లే అయిన జత తీసేస్తే 15. కాయితం మీద కాల్ సరైనట్టే కొడుతుంది! అసలు సంగతి ఇక్కడున్నది, ఆ 15 జతలు వాని చేతిలకొచ్చినప్పుడల్లా వాడు నిజంగ పాట్ మొత్తం పెడతడా? మా వాడు పెట్టడు, మిస్సయితే చెక్ కొట్టి ఊకుంటడు, ఏడాది సంది చూస్తున్న. ఆ ఒక్క మాట యాదికొస్తే చాలు, పడేసేటోన్ని.

ఆన్‌లైన్ల మొహం కనబడది కాబట్టి చాలామంది టైం చూస్తరు, లేట్ చేసిండంటే బ్లఫ్ అంటరు. కాజీపేట దాటినంక రైల్ల సిగ్నల్ పోయిందంటే నేను గూడ ఇరవై సెకండ్లు లేట్ చేస్త, దాన్ని నమ్మొద్దు. నమ్మాల్సింది బెట్‌ల కథ: ఫ్లాప్ నుంచి రివర్ దాంక వాడు చేసిన పనులన్నీ ఒకే ముక్కలతో పొసుగుతున్నయా లేదా.

2003 వరల్డ్ సిరీస్ అనే పెద్ద పోకర్ పోటీ ఫైనల్ల క్రిస్ మనీమేకర్ ఇస్పేట్ రాజు, ఆఠీన్ 7తోని ఏ జతా లేకుండ రివర్ మీద మొత్తం పెట్టిండు, ఎదురుగ సామీ ఫర్హా దగ్గర తొమ్మిదుల జత. ఫ్లష్ మిస్సయినట్టుందని ఫర్హాకు అనుమానం గూడ వచ్చింది, అయినా పడేసిండు, తర్వాత టైటిల్ మనీమేకర్ ఎత్తుకపోయిండు. జనం ఫర్హాను ఇప్పటికీ తప్పుపడతరు, నేను పట్టను. ఆ బెట్‌కు జత ఒక్కటే పెట్టుకోని చానామంది పడేస్తరు, ముక్కలు చూసినంక తప్పు పట్టుడు అందరికీ వస్తది.

ఇంకోటి, ఎప్పుడూ పడేసుడు గూడ పనికిరాదు. 2017ల అమెరికాల కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్స్ మీద 1,20,000 ఆటలాడి గెలిచింది, పాట్ కంటే మస్తు పెద్ద బెట్లు పెట్టి వాళ్లను ఇరకాటంల పడేసేది. పాట్ సైజ్ బెట్‌కు సగానికంటే ఎక్కువసార్లు పడేస్తే ఎదుటోనికి ఏ ముక్కలున్నా బ్లఫ్ లాభమే. కానీ ఆ సగం లెక్క బ్లఫ్ చేసేటోని మీద, మా రూంల ఊకుండేటోని మీద కాదు.

నేను నోట్‌బుక్ వెనుక పేజీల రాసుకునుడు మొదలుపెట్టి కొన్ని నెలలాయె, కాల్ నొక్కకముందే ఎన్ని బ్లఫ్‌లు ఊహించిన్నో రాస్త. హాఫ్ పాట్ కాల్స్ లాభంల ఉన్నయి. పాట్ సైజ్ కాల్స్‌ల మూడింట ఒకటి గూడ రాలే, అండ్ల ఎక్కువ మా ఊకుండే దోస్తు మీద చేసినవే.