ఏడిపించడం వేరు, ఏడిపించడం వేరు

తెలుగులో 'ఏడిపించడం' అంటే రెండు అర్థాలు. ఒకటి, కళ్ళల్లో నీళ్ళు తెప్పించడం. రెండోది, సరదాగా ఆటపట్టించడం. మేనబావ మరదల్ని ఏడిపించేది ఈ రెండో రకం. ఏది ఏ రకమో తేల్చే బరువైన పనిని మన ప్రైవేటు స్కూళ్ళు నెత్తిన వేసుకున్నాయి. నాకు తెలిసినంతలో వాళ్ళు విచారించిన ప్రతి కేసూ రెండో రకమేనని తేలింది.

మా కాలనీలో ఏడో తరగతి పిల్లాడొకడు సెలవుల్లో తిరుపతి వెళ్ళి గుండుతో వచ్చాడు. మొదటి రోజు క్లాసులో నలుగురు తడిమి చూశారు. రెండో రోజు స్కేలుతో కొట్టి శబ్దం విన్నారు. వారం తిరిగేసరికి వాడి క్యారేజీ వాష్‌బేసిన్‌లో బోర్లించారు. తండ్రి వెళ్ళి చెప్పుకుంటే ప్రిన్సిపల్ మేడమ్ ఓపిగ్గా విని, "జుట్టు పెరిగితే అదే సర్దుకుంటుంది సార్" అన్నారు. సమస్య మూలం దాకా వెళ్ళడమంటే ఇదీ.

"క్లాసులో సీసీ కెమెరా ఉంది కదా మేడమ్?"

"అది టీచర్ల కోసమండీ."

ఆ స్కూలుకి చూపు లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. షూ పాలిష్ లేకపోతే గేటు దగ్గరే కనిపెట్టేస్తారు.

చట్టం సంగతికొస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు అందాక కూడా సంస్థ పెద్ద పట్టించుకోకపోతే, ఆ నేరానికి సాయపడినట్టే లెక్క. ఇందులో కీలకమైన మాట 'అందాక'. అందుకే మేడమ్ కాగితం అందుకోలేదు. "రాసివ్వడాలెందుకు సార్, మనదంతా ఒక కుటుంబం" అన్నారు. ఫీజు బకాయి నోటీసు మాత్రం రాతపూర్వకంగానే వస్తుంది. కుటుంబాల్లో డబ్బు లెక్కలు పక్కాగా ఉండాలి మరి.

వేధింపులు ఆపడానికి ప్రతి స్కూల్లో కమిటీ వేయమని సీబీఎస్‌ఈ 2015లో చెప్పింది. ఇక్కడా వేశారు. పేర్లు లామినేషన్ చేయించి ఆఫీసు గోడకి తగిలించారు. అందులో ఉన్న కౌన్సిలర్ ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. ఆవిడ పేరు మాత్రం ఇప్పటికీ సెలవు పెట్టకుండా డ్యూటీ చేస్తోంది.

ఇంతకీ స్కేలు పట్టుకున్న కుర్రాడు ఎవరని అడుగుతారేమో. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో ఫస్ట్ ర్యాంకు. ఆ కుర్రాణ్ణి పిలిచి మందలిస్తే టెన్షన్ పడి మార్కులు తగ్గుతాయి. మార్కులు తగ్గితే అడ్మిషన్లు తగ్గుతాయి. గుండువాడికి వచ్చేది యాభై రెండు శాతం. విచారణ ఇంతకన్నా లోతుగా ఎలా జరుగుతుంది?

చివరికి స్కూలే చొరవ తీసుకుంది. దసరా సెలవుల ముందు తండ్రిని పిలిచి, పిల్లాడికి 'వాతావరణం మార్పు' అవసరమని చెప్పి టీసీ చేతిలో పెట్టింది. కట్టిన ఫీజు వెనక్కి రాదంది. ప్రవర్తన అని ఉన్నచోట 'సంతృప్తికరం' అని రాసింది.

తండ్రీకొడుకులు బండి మీద ఇంటికి వస్తుంటే చౌరస్తాలో సిగ్నల్ పడిందట. ముందు ఆ స్కూలు బస్సే ఆగి ఉంది. దాని వెనకాల, అద్దం నిండా, నవ్వుతూ ఫస్ట్ ర్యాంకు ఫొటో. తొంభై సెకన్ల సిగ్నల్.